వోల్టేజీ, కరెంటు కొలిచి నిరోధాన్నీ పవర్‌నూ లెక్కించడం ఎలా?

మీటరు కొన్నవారు ఏదో ఒక రోజు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "వోల్టేజీ ఇంత చూపిస్తోంది, ఆంప్స్ ఇంత చూపిస్తున్నాయి, మరి ఈ వస్తువు ఎన్ని వాట్లు తీసుకుంటున్నట్టు? దాని రెసిస్టెన్స్ ఎంత?" తిరుపతిలో గది అద్దెకు తీసుకుని హీటర్ రాడ్‌తో నీళ్లు కాచుకునే విద్యార్థులు, నగరి, పుత్తూరు వైపు మరమగ్గాలు నడిపేవారు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటలకు బోరు నీళ్లు పారించే రైతులు అందరూ ఇదే అడుగుతున్నారు. జవాబుకు కావలసింది ఒక భాగహారం, ఒక గుణకారం. పదో తరగతి చదివినవారికి రెండూ వచ్చు. అయినా లెక్కలు తేడాగా వస్తున్నాయంటే తప్పు సూత్రంలో లేదు, అందులో వేసిన అంకెల్లో ఉంది. ఒకచోట కొలిచిన వోల్టేజీని మరోచోట కొలిచిన కరెంటుతో భాగించడం, అసలు కొలవకుండానే 230 అని రాసేసుకోవడం, ఈ లెక్క వర్తించని వస్తువుకు దీన్ని వర్తింపజేయడం, ఇవే ఎక్కువగా కనిపించే పొరపాట్లు. అందుకే ఇక్కడ లెక్క గురించి కొంచెమే చెప్పి, కొలత గురించి ఎక్కువగా చెబుతున్నాను.

కావలసినవి

- ఏసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు. మెకానిక్కులు టాంగ్ టెస్టర్ అనేది దీన్నే. వోల్టేజీని, నిరోధాన్ని కూడా ఇదే కొలిస్తే వేరే మల్టీమీటరు అక్కర్లేదు. ఇంటి కరెంటు మీద వాడే మీటరుకు కనీసం కేటగిరీ 3, 600 వోల్టులు అన్న గుర్తు ఉండాలి. బజారులో మరీ చౌకగా దొరికే పసుపుపచ్చ చిన్న మీటర్లు బ్యాటరీ పనులకు సరిపోతాయి కానీ, ఇంటి సాకెట్టులో వాటి పుల్లలు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.
- ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ తీగ. దీని పైతొడుగును జానెడు మేర జాగ్రత్తగా చీల్చి, లోపలి ఫేజు, న్యూట్రల్, ఎర్త్ తీగలను విడివిడిగా బయటికి లాగి ఉంచుకోవాలి. లోపలి తీగల మీద ఉండే రంగు తొడుగుకు గాటు పడకూడదు. పడితే ఆ తీగను పారేయండి.
- కాలిక్యులేటరు, కాగితం, పెన్ను, సెకన్లు చూపే గడియారం.
- పొడి చెప్పులు, పొడి చేతులు, మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలిసిన మరో మనిషి.

క్లాంప్ మీటరు లేనివారికి రెండు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. సాకెట్టుకూ ప్లగ్గుకూ మధ్య పెట్టే వాట్‌మీటరు వోల్టేజీ, కరెంటు, వాట్లు మూడూ ఒకేసారి చూపిస్తుంది. ఇంటి వస్తువులకు నిజానికి ఇదే అన్నింటికంటే క్షేమం. అదీ లేకపోతే ఇంటి కరెంటు మీటరు మీద వెలిగి ఆరే చిన్న ఎర్ర దీపంతో పవర్ కనుక్కోవచ్చు. ఆ పద్ధతి ఏడో మెట్టులో వస్తుంది.

సూత్రాలు, అవసరమైనంత వరకే

నిరోధం (ఓమ్‌లలో) = వోల్టేజీ ÷ కరెంటు
పవర్ (వాట్లలో) = వోల్టేజీ × కరెంటు
ఈ రెండింటినీ కలిపితే వచ్చేవి: పవర్ = కరెంటు × కరెంటు × నిరోధం; పవర్ = వోల్టేజీ × వోల్టేజీ ÷ నిరోధం

మొదటిది 1827లో జర్మనీకి చెందిన గియోర్గ్ సైమన్ ఓమ్ ప్రచురించిన నియమం. వోల్టేజీ వోల్టులలో, కరెంటు ఆంపియర్లలో ఉన్నప్పుడే ఈ సూత్రాలు సరైన జవాబు ఇస్తాయి. మీటరు మిల్లీ ఆంపియర్లు చూపిస్తే ముందుగా 1000తో భాగించండి.

లెక్కించే మెట్లు

1. వస్తువు ఏ రకమో తేల్చుకోండి. హీటర్ రాడ్, గీజరు, ఇస్త్రీ పెట్టె, కాయిల్ పొయ్యి వంటి వేడి చేసే వస్తువులకు పై సూత్రాలు ఉన్నవి ఉన్నట్టుగా సరిపోతాయి. మోటారు ఉన్న మిక్సీ, గ్రైండరు, ఫ్యాను, బోరు మోటారు వంటివాటికి పవర్ సూత్రంలో మరో అంకె చేరుతుంది, నిరోధం లెక్క పనికిరాదు. ఎల్‌ఈడీ బల్బు, టీవీ, ఛార్జరు, ఇండక్షన్ పొయ్యి వంటి ఎలక్ట్రానిక్ వస్తువుల వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు. వాటికి వాట్‌మీటరు వాడండి. ఈ మెట్టును దాటేసి నేరుగా మూడో మెట్టుకు వెళ్లేవారే తర్వాత తల పట్టుకుంటారు.

2. వస్తువు మీద రాసినది చదివి, రావలసిన అంకెలను ముందే రాసుకోండి. 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంటే రావలసిన కరెంటు 1500 ÷ 230, అంటే సుమారు 6.5 ఆంపియర్లు. నిరోధానికి ఒక దగ్గరి దారి ఉంది: 230 × 230 = 52,900 అని గుర్తుపెట్టుకుని దాన్ని వాట్లతో భాగించండి. 1500 వాట్ల రాడ్‌కు 35.3 ఓమ్‌లు, 2000 వాట్ల గీజరుకు 26.5, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెకు 52.9 వస్తాయి. వస్తువు మీద 240 వోల్టులు అని ఉంటే 52,900 బదులు 57,600 తీసుకోండి. రావలసింది ఎంతో ముందే తెలిస్తే మీటరు చూపే అంకె అసంబద్ధంగా ఉన్నప్పుడు మీకు అక్కడికక్కడే అనుమానం వస్తుంది.

3. వస్తువు పనిచేస్తూ ఉండగా, దాని దగ్గరే వోల్టేజీ కొలవండి. మీటరును ఏసీ వోల్టేజీలో, 230 కంటే పైనున్న శ్రేణిలో పెట్టండి. నల్ల తీగ కామ్ అన్న రంధ్రంలో, ఎర్ర తీగ వోల్టుల గుర్తు ఉన్న రంధ్రంలో ఉన్నాయో లేదో ప్రతిసారీ చూడండి. వస్తువు పెట్టిన ఎక్స్‌టెన్షన్ పెట్టెలోనే పక్క సాకెట్టులో కొలిస్తే చాలు. వస్తువును ఆపి కొలిచిన వోల్టేజీ ఈ లెక్కకు పనికిరాదు, ఎందుకంటే ఎక్కువ కరెంటు తీసుకునే వస్తువు ఆన్ చేయగానే తీగల్లో కొంత వోల్టేజీ పోయి, దాని దగ్గరికి చేరేది తగ్గుతుంది.

హెచ్చరిక: హీటర్ రాడ్ విషయంలో ముందు రాడ్‌ను నీళ్లలో ముంచి, తర్వాతే స్విచ్ వేయండి. కొలుస్తున్నంతసేపూ నీళ్లనూ బకెట్టునూ ఎవరూ ముట్టుకోకూడదు. బకెట్టు ప్లాస్టిక్‌దైనా సరే, నీళ్లకు ఆ మినహాయింపు లేదు.

4. అదే సమయంలో కరెంటు కొలవండి. విడివిడిగా లాగి ఉంచుకున్న తీగల్లో ఫేజు తీగను ఒక్కదాన్నే క్లాంప్ దవడల మధ్య పెట్టి, దవడలు పూర్తిగా మూసుకున్నాయని చూసుకోండి. ప్లగ్గు తీగ మొత్తాన్ని పట్టుకుంటే మీటరు సున్నా చూపిస్తుంది. వెళ్లే కరెంటు, తిరిగివచ్చే కరెంటు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడమే దానికి కారణం. ఎక్కువమంది "నా మీటరు పాడైంది" అనుకునేది ఇక్కడే.

కరెంటు ఒక ఆంపియరు కంటే తక్కువగా ఉంటే చౌక క్లాంప్ మీటర్లు సరిగా చదవవు. అప్పుడు ఫేజు తీగను దవడ చుట్టూ పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించండి. తీగ దవడల మధ్యలోంచి ఎన్నిసార్లు వెళ్లిందో అన్ని చుట్లుగా లెక్కించాలి.

మల్టీమీటరును తీగకు వరుసలో కలిపి కరెంటు కొలిచే పద్ధతి పాఠ్యపుస్తకంలో ఉంది, ప్రయోగశాలలో బ్యాటరీతో చేసేటప్పుడు అదే సరైనది. 230 వోల్టుల మీద మాత్రం ఇంట్లో ఆ పని చేయకండి.

5. నిరోధం లెక్కించండి. ఒక ఉదాహరణ తీసుకుందాం. తిరుపతిలో ఒక అద్దె గదిలో 1500 వాట్ల రాడ్ పెట్టగా వోల్టేజీ 218, కరెంటు 6.2 ఆంపియర్లు వచ్చాయనుకోండి. 218 ÷ 6.2 = 35.2 ఓమ్‌లు. రెండో మెట్టులో రాసుకున్నది 35.3. రాడ్ బాగుందని అర్థం.

6. పవర్ లెక్కించండి. 218 × 6.2 = 1352 వాట్లు. రాడ్ మీద 1500 అని ఉండగా 1352 రావడం చూసి రాడ్ నాసిరకమనుకుని దుకాణదారుతో వాదనకు దిగేవారున్నారు. నిరోధం సరిగానే ఉంది కదా, తగ్గింది వోల్టేజీ. వేడి చేసే వస్తువుల పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వోల్టేజీ కాస్త తగ్గినా పవర్ బాగా తగ్గుతుంది. పల్లెలో లైను చివరనున్న ఇంట్లో సాయంత్రం 190 వోల్టులే వస్తే 2000 వాట్ల గీజరు 1365 వాట్లే తీసుకుంటుంది. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవడానికి 230 వోల్టుల దగ్గర 16 నిమిషాలు సరిపోయేది, 190 దగ్గర 23 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో బయటికి పోయే వేడిని ఈ లెక్కలో కలపలేదు. కరెంటు ఖర్చు మాత్రం దాదాపు అంతే ఉంటుంది, ఎందుకంటే పవర్ తగ్గినమేరకు సమయం పెరిగింది.

7. కరెంటు మీటరుతో సరిచూసుకోండి. ఇంట్లో మిగతా వస్తువులన్నీ ఆపేసి, కొలవదలచుకున్నదాన్ని ఒక్కదాన్నే ఉంచండి. ఇంటి మీటరు మీద ఒక యూనిట్‌కు ఎన్ని పల్సులో, అంటే ఎర్ర దీపం ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. 3200 అనో, 1600 అనో, మరొకటో ఉండవచ్చు, మీ మీటరు మీదున్నదే తీసుకోండి. ఎర్ర దీపం ఒక నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి.

పవర్ (వాట్లలో) = ఒక నిమిషంలో వెలిగిన సార్లు × 60 × 1000 ÷ యూనిట్‌కు పల్సులు

మన రాడ్‌కు 3200 పల్సుల మీటరులో నిమిషానికి 72 సార్లు వెలిగితే, 72 × 60,000 ÷ 3200 = 1350 వాట్లు. ఆరో మెట్టులో వచ్చిన 1352తో ఇది కలిసింది. దీపం మరీ వేగంగా వెలుగుతూ లెక్క తప్పుతుంటే ఫోనులో వీడియో తీసి నెమ్మదిగా చూడండి. సీలు వేసిన మీటరునూ, దానికి ముందున్న సర్వీసు తీగనూ ముట్టుకోవద్దు. అవి విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోనివి. మన జిల్లాల సంస్థ ఏపీఎస్‌పీడీసీఎల్, దాని ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. అక్కడ తేడా కనిపిస్తే 1912కు ఫోను చేయండి.

8. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఓమ్ మీటరుతో మరోసారి సరిచూసుకోండి. ముందుగా మీటరు పుల్లలు రెండింటినీ ఒకదానికొకటి తాకించి వచ్చే అంకెను రాసుకోండి, 0.2 నుంచి 0.5 ఓమ్‌ల వరకు రావచ్చు. తర్వాత ప్లగ్గు రెండు చిన్న పిన్నుల మధ్య కొలిచి, దాని నుంచి ఆ అంకెను తీసేయండి. పిన్నులను వేళ్లతో నొక్కిపట్టకండి, మీ శరీరం కూడా లెక్కలోకి వస్తుంది. రాడ్‌కూ గీజరుకూ చల్లగా ఉన్నప్పటి నిరోధం, వేడిగా ఉన్నప్పటి నిరోధం కొద్ది శాతం మాత్రమే తేడాగా ఉంటాయి, ఎందుకంటే లోపల ఉండేది నైక్రోమ్ అనే మిశ్రమలోహపు తీగ, వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిందనో, గీజరైతే థర్మోస్టాట్ కట్ అయి ఉందనో అర్థం. పనిలో పనిగా చిన్న పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య కూడా కొలవండి. అక్కడ ఏ అంకె వచ్చినా ఆ వస్తువును మళ్లీ వాడకండి.

హెచ్చరిక: కరెంటు ఉన్న చోట ఓమ్ మీటరు పెట్టకండి. జవాబు తప్పు వస్తుందన్నది చిన్న సంగతి, మీటరు కాలిపోతుందన్నది అసలు సంగతి.

ఎంత తేడా వస్తే పట్టించుకోవాలి?

మామూలు మీటరు వోల్టేజీని ఒక శాతం తేడాతో, క్లాంప్ కరెంటును రెండు, రెండున్నర శాతం తేడాతో చూపిస్తుంది. కాబట్టి నిరోధం లెక్కలో మూడు నాలుగు శాతం తేడాను తేడాగా పరిగణించవద్దు. కాలిక్యులేటరు 35.16129 అని చూపించిందని అన్ని అంకెలూ రాసుకోవడం అనవసరం. 35 అని రాస్తే నష్టమేమీ లేదు. తయారీలో వచ్చే హెచ్చుతగ్గులను కూడా కలుపుకుని, పది శాతం దాటిన తేడాను మాత్రమే అనుమానించండి. నిరోధం ఎక్కువగా వస్తే ముందు కనెక్షన్లు చూడండి. తక్కువగా వస్తే కాయిల్ చుట్లు ఎక్కడైనా ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి. రెండోదే ప్రమాదకరం.

తీగలో, జాయింటులో ఎంత పోతోంది?

ఈ లెక్కకున్న అసలైన ఉపయోగం ఇక్కడే కనిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మేడ మీది గీజరుకు కింది బోర్డు నుంచి 30 మీటర్ల దూరం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగారనుకోండి. గీజరు నడుస్తుండగా బోర్డు దగ్గర 221 వోల్టులు, గీజరు దగ్గర 215 వోల్టులు, కరెంటు 8.1 ఆంపియర్లు వచ్చాయి.

గీజరు నిరోధం 215 ÷ 8.1 = 26.5 ఓమ్‌లు, 2000 వాట్ల గీజరుకు ఉండవలసినంతే ఉంది. బోర్డు దగ్గరి 221ని తీసుకుని భాగించి ఉంటే 27.3 వచ్చేది, గీజరు మీద లేనిపోని అనుమానం కలిగేది. ఇక తీగ సంగతి: పోయిన వోల్టేజీ 221 - 215 = 6 వోల్టులు; తీగ నిరోధం 6 ÷ 8.1 = 0.74 ఓమ్, తీగలో వేడిగా పోయే పవర్ 6 × 8.1 = 49 వాట్లు.

ఇది సబబేనా అని సరిచూసుకోవడానికి తీగ పట్టికలు ఉన్నాయి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 12.1 ఓమ్‌లు, 2.5కు 7.4, 4కు 4.6 ఉంటాయి, సన్న పోగులతో అల్లిన మెత్తని తీగకు కొంచెం ఎక్కువ. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి 30 మీటర్ల దూరానికి 60 మీటర్ల తీగ: 12.1 × 0.06 = 0.73 ఓమ్. కొలిచింది 0.74. తీగ బాగుంది, కాకపోతే సన్నం, 2.5 వేసి ఉంటే నష్టం దాదాపు 40 శాతం తగ్గేది.

అదే తీగ మీద 6 వోల్టులకు బదులు 10 వోల్టులు పోతుంటే, అదనపు నిరోధం ఎక్కడో ఒక వదులు జాయింటులో దాక్కుని ఉంది. నాలుగు వోల్టులు, 8 ఆంపియర్లు అంటే 32 వాట్లు. రేడియో మెకానిక్కు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంతకంటే ఎక్కువ వేడి మీ గోడలోని ప్లాస్టిక్ పెట్టెలో, ఒక స్క్రూ కింద పుడుతోందన్నమాట. సాకెట్టు రంగు మారడం, కాలిన వాసన రావడం దీనివల్లే. అలాంటిచోట మెయిన్ ఆపి, టెస్టరుతో కరెంటు లేదని నిర్ధారించుకున్నాకే స్క్రూలు బిగించండి లేదా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మోటార్లకు లెక్క మారేది ఎలా?

మోటారులో వోల్టేజీ, కరెంటు ఒకే లయలో నడవవు. అందుకని రెండింటి గుణకారాన్ని పవర్ ఫ్యాక్టరు అనే, ఒకటి కంటే తక్కువ ఉండే అంకెతో మళ్లీ గుణించాలి. ఇది మోటారు పలక మీద కాస్ ఫై అనో, పవర్ ఫ్యాక్టరు అనో రాసి ఉంటుంది. లేకపోతే పూర్తి బరువు (లోడు) మీద నడిచే మోటారుకు 0.8 తీసుకుని, జవాబును ఉజ్జాయింపుగానే భావించండి.

సింగిల్ ఫేజు: పవర్ = వోల్టేజీ × కరెంటు × పవర్ ఫ్యాక్టరు
త్రీ ఫేజు: పవర్ = 1.732 × రెండు ఫేజుల మధ్య వోల్టేజీ × ఒక ఫేజు కరెంటు × పవర్ ఫ్యాక్టరు

చిత్తూరు వైపు ఒక తోటలో 5 హెచ్‌పీ బోరు మోటారు నడుస్తుండగా 380 వోల్టులు, 9.6 ఆంపియర్లు వచ్చాయనుకోండి. 1.732 × 380 × 9.6 × 0.8 = 5055 వాట్లు, అంటే గంటకు ఐదు యూనిట్ల పైచిలుకు. ఒక హెచ్‌పీ 746 వాట్లు కాబట్టి 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లే కదా, మిగతాది ఎటు పోయిందని అడుగుతారు. పలక మీద రాసే హెచ్‌పీ మోటారు ఇరుసు దగ్గర ఇచ్చే పని. మనం లెక్కించింది లోపలికి తీసుకునే పవర్. 3730ని 5055తో భాగిస్తే 0.74 వస్తుంది, అంటే మోటారు పూర్తి బరువు మీద ఉందనుకుంటే దాని దక్షత 74 శాతం. బోరు మోటారుకు ఇది నమ్మదగిన అంకే. లెక్కలో 100 శాతం దాటి వస్తే మాత్రం 1.732 మరిచిపోయి ఉంటారు, లేదా ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ తీసుకుని ఉంటారు, లేదా మోటారు అసలు పూర్తి బరువు మీద లేదు.

మూడు ఫేజుల కరెంటునూ విడివిడిగా కొలిచి సగటు తీసుకోండి. ఒక ఫేజు మిగతావాటి కంటే పది శాతానికి మించి తేడాగా ఉంటే లెక్క పక్కనపెట్టి మెకానిక్కును పిలవండి. బోరులో నీళ్లు అడుగంటి మోటారు గాలి లాగుతున్నప్పుడు కరెంటు తగ్గుతుంది. అది చూసి పొదుపనుకుని మోటారును అలాగే వదిలేయకండి, కాసేపటికే పంపు దెబ్బతింటుంది. స్టార్టరు ప్యానెల్ మీదే వోల్ట్ మీటరు, ఆంప్ మీటరు ఉంటే వాటినే చదవండి. మళ్లు తడిసి ఉన్నప్పుడు స్టార్టరు తలుపు తెరిచి లోపల మీటరు పుల్లలు పెట్టడం ఎంత అనుభవమున్నవారికైనా మంచిది కాదు.

ఇంకో సంగతి. వోల్టేజీ తగ్గినప్పుడు రాడ్ తీసుకునే కరెంటు తగ్గుతుంది, బరువు మీదున్న మోటారు తీసుకునే కరెంటు పెరుగుతుంది. రాడ్ ఊరికే ఒక నిరోధం. మోటారు మాత్రం అదే పనిని పూర్తిచేయడానికి తక్కువైన వోల్టేజీని ఎక్కువ కరెంటుతో భర్తీ చేసుకుంటుంది. తక్కువ వోల్టేజీలో వైండింగులు కాలిపోవడానికి కారణం ఇదే. అందుకే మోటారు వోల్టేజీని కరెంటుతో భాగించి, దాన్ని వైండింగు నిరోధం అనకండి. 225 వోల్టుల దగ్గర 6.8 ఆంపియర్లు తీసుకునే 1 హెచ్‌పీ మోటారుకు ఆ భాగహారం 33 ఇస్తుంది. ఆపేసి ఓమ్ మీటరుతో కొలిస్తే వైండింగులో కొద్ది ఓమ్‌లే కనిపిస్తాయి. రెండూ తప్పు కొలతలు కావు, రెండూ వేర్వేరు సంగతులు.

బ్యాటరీ మీద, సర్క్యూట్ బోర్డు మీద

ఇన్వర్టరు బ్యాటరీ తీగల్లో డీసీ కరెంటు నడుస్తుంది. ఏసీ మాత్రమే కొలిచే క్లాంప్ అక్కడ సున్నా చూపిస్తుంది, డీసీ కూడా కొలిచేది కావాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 300 వాట్ల సామాను నడిపితే 300 ÷ 12 = 25 ఆంపియర్లు, ఇన్వర్టరులో పోయేది కలిపితే 30కి దగ్గరగా వస్తాయి; సన్న తీగ అక్కడ పనికిరాదు.

ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవారికి ఒక చిన్న లెక్క. 12 వోల్టుల మీద, 2 వోల్టుల ఎర్ర ఎల్‌ఈడీకి 20 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలంటే నిరోధం (12 - 2) ÷ 0.02 = 500 ఓమ్‌లు. దొరికేది 560. అప్పుడు కరెంటు 10 ÷ 560 = 0.018 ఆంపియర్లు, రెసిస్టరులో పవర్ 10 × 0.018 = 0.18 వాట్లు. పావు వాటు రెసిస్టరు తట్టుకుంటుంది కానీ ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, అర వాటుది వేయండి. ఇక్కడ 12ను 0.02తో భాగించడం మామూలుగా జరిగే తప్పు. రెసిస్టరు మీద పడే వోల్టేజీనే తీసుకోవాలి, మొత్తం సరఫరాను కాదు.

మళ్లీ మళ్లీ జరిగే తప్పులు

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇది: మల్టీమీటరుతో ఒకసారి కరెంటు కొలిచి, ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి, తర్వాత అదే మీటరుతో సాకెట్టులో వోల్టేజీ కొలవబోవడం. ఆ రంధ్రంలో మీటరుకు నిరోధం దాదాపు ఉండదు, కాబట్టి మీరు ఫేజునూ న్యూట్రల్‌నూ నేరుగా కలిపినట్టే. పని అయిన వెంటనే తీగను వోల్టుల రంధ్రంలోకి మార్చి పెట్టడం అలవాటు చేసుకోండి.

పాత ఫిలమెంటు బల్బును చల్లగా ఉన్నప్పుడు ఓమ్ మీటరుతో కొలిచి పవర్ లెక్కించడం మరో తప్పు. 100 వాట్ల బల్బుకు చల్లగా 40 ఓమ్‌ల చుట్టుపక్కల వస్తుంది, లెక్క వేస్తే 1300 వాట్లకు పైగా తేలుతుంది. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 529 ఓమ్‌లు. టంగ్‌స్టన్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది కాబట్టి బల్బును వెలిగించి, వోల్టేజీ, కరెంటు కొలిచే కనుక్కోవాలి.

స్టెబిలైజరు ఉన్నచోట దానికి ముందు వోల్టేజీ, తర్వాత కరెంటు కొలవడం, ఇస్త్రీ పెట్టె థర్మోస్టాట్ ఆపిన క్షణంలో కరెంటు చదవడం, వోల్టేజీని రెండుసార్లు గుణించవలసినచోట ఒకసారే గుణించడం కూడా తరచుగా కనిపిస్తాయి. కిలోవాటుకూ యూనిట్‌కూ తేడా చూడనివారు కూడా చాలామంది ఉన్నారు. కిలోవాటు అంటే ఈ క్షణంలో ఎంత వేగంగా తీసుకుంటోంది. యూనిట్ అంటే ఒక కిలోవాటు చొప్పున గంటసేపు తీసుకున్న మొత్తం. 1350 వాట్ల రాడ్ 20 నిమిషాలు నడిస్తే 1.35 × 20 ÷ 60 = 0.45 యూనిట్.

ప్రయోగశాలలో ఓమ్ నియమం చేసే విద్యార్థులు ఒక్క రీడింగుతో ఆగకుండా నాలుగైదు వోల్టేజీల దగ్గర కొలవండి. ఉదాహరణకు 1.2, 2.4, 3.6, 4.8 వోల్టులకు 0.15, 0.30, 0.46, 0.61 ఆంపియర్లు వస్తే, ఒక్కోదానికీ విడిగా భాగించగా 8.0, 8.0, 7.8, 7.9 ఓమ్‌లు, సగటున 7.9 వస్తుంది. గ్రాఫు సరళరేఖగా మూల బిందువు గుండా పోకపోతే మొదట అమ్మీటరు సూది సున్నా దగ్గర నిలుస్తోందో లేదో చూడండి. పై కొసలో మాత్రమే రేఖ వంగుతుంటే తీగ వేడెక్కుతోందని అర్థం. రీడింగుకూ రీడింగుకూ మధ్య స్విచ్ తీసి చల్లారనిచ్చి, మళ్లీ కొలవండి.